హార్మోన్లు వద్దు, క్యాలెండర్ ముద్దు

అయ్యలారా అమ్మలారా, ముందుగాల్నే నా పక్షమేందో చెప్పి మొదలువెడతా, తర్వాత నన్ను అనొద్దు. నేను ప్రకృతి పక్షం. హనుమకొండల ఉంటా, ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీల 13 ఏండ్ల సంది జువాలజీ చెప్తున్న, పొద్దుగాల లేవంగనే రాత్రి రాగి చెంబుల నింపిపెట్టిన నీళ్ళు తాగుతా, ప్లాస్టిక్ డబ్బల అన్నం పెట్టుకోను, మైదా ముట్టను. కాలేజీ ఎదురుంగ బండి మీది పూరీలు తింటా కానీ అవి గోధుమపిండియే అని నా నమ్మకం, బండాయనను ఎన్నడూ అడగలె, నమ్మకం అన్నంక అడగొద్దు.

ఇసొంటి మనిషి ఇంట్ల, పిల్లలు కాకుంట ఏసుకునే మాలా-డి గోలీలు ఉండుడంటే ఎంత అన్యాయం చెప్పండి. మా బాబు పుట్టి రెండేండ్లు దాటినంక మా ఇంటామె అవి మొదలువెట్టింది. పాకెట్‌ల 28 ఉంటయ్, 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. మొదటి నెల కడుపుల తిప్పుతుందన్నది, తలకాయ నొస్తుందన్నది. డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె బీపీ చూసి, తలనొప్పికి ముందు కండ్ల ముందర మెరుపులసొంటివి ఏమన్న వస్తున్నయా అని అడిగి, రాకుంటే భయం లేదమ్మా రెండు మూడు నెలలల సర్దుకుంటది, సర్దుకోకపోతే వేరేది చూద్దాం, మస్తున్నయ్ అని చెప్పి పంపింది. ఆ ముచ్చట అక్కడితోనే అయిపోవాలె. కానీ నేను ఆ రాత్రి ఫోన్ వట్టుకున్న.

రెండు రాత్రులు చదివిన. మూడోనాడు తెల్లారేసరికి నాకు హార్మోన్ల మీద ఎంత జ్ఞానం వచ్చిందంటే, 13 ఏండ్లు అదే సబ్జెక్టు చెప్పినా రానంత వచ్చింది.

ఒక్కన్ని నిర్ణయం తీసుకుంటే నియంతృత్వం అయితదని భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుగాల నాతోటి నడిచే ముగ్గురి ముందర ఈ విషయం పెట్టిన. ఒకాయనది ఎరువుల దుకాణం, పొద్దంత మిర్చి తోటలకు మందు డబ్బాలు అమ్ముతడు, ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకొని "సార్, కెమికల్ అన్నది ఒంట్లకు పోవద్దు" అన్నడు. ఇంకొకాయన ఆదివారం ఆదివారం కిలోన్నర బ్రాయిలర్ తెస్తడు, ఆ కోడికి హార్మోన్ సూదులు పొడుస్తరని ఆయనే చెప్తడు, లెగ్ పీసు కూడా ఆయనే తింటడు, ఆయనైతే హార్మోన్ పేరు ఎత్తంగనే కండ్లు మూసుకొని తలకాయ అడ్డంగ ఊపిండు. మూడో ఆయనకు ముగ్గురు బిడ్డలు, ఆఖర్ల ఒక కొడుకు, ఆ కొడుకు వచ్చేదాంక ఆయన ప్రకృతిని తప్ప ఇంకోదాన్ని నమ్మలె. నలుగురం కలిసి ఏకగ్రీవంగ తీర్మానం చేసినం, ఆడవాళ్ళ ఒంట్లకు హార్మోన్ పోవద్దని. తీర్మానం చేసేటప్పుడు ఆడవాళ్ళు ఎవ్వరు లేరు, అందరు ఇండ్లల్ల టిఫిన్లు చేస్తున్నరు.

ఇంటికొచ్చి చెప్పిన. మా ఇంటామె ఆత్మకూర్ దిక్కు సర్కారు బడిల టీచర్, బస్సుకు టైమైతుంటే కూసోని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. నేను చెప్పేదంత విన్నది. చేసిన చిక్కుడుకాయలు గిన్నెలకు నూకి, "సరే, గోలీలు బంద్ చేస్త. ఒక్కటే చెప్పు. కండోమ్‌ల ఏ హార్మోన్ ఉన్నది?" అన్నది.

ఇది చానా లోతైన ప్రశ్న. లోతైన ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పొద్దని మా గురువుగారు అనేటోడు. నేను బండి తాళాలు తీసుకొని కాలేజీకి పోయిన.

అసలు సంగతేందంటే, మెడికల్ షాపుల మా పదో తరగతి దోస్తే కూసుంటడు. నేను పోయినప్పుడల్లా అక్కడ నలుగురుంటరు, నలుగురిల ఒకరు మా స్టూడెంట్ వాళ్ళ నాయినై ఉంటడు. వాడు "ఏం కావాల్రా" అని నర్సంపేట బస్టాండ్ల కండక్టర్ పిలిచినట్టు పిలుస్తడు. నేను తలనొప్పి బామ్ తీసుకొని వస్తా. ఇంట్ల ఇప్పుడు ఆరు బామ్ డబ్బాలున్నయ్. గోలీలతోటి తలనొప్పి వచ్చిన మనిషికి ఆరు బామ్ డబ్బాలు తెచ్చిన భర్తను నేను తప్ప మీరు ఇంకొకన్ని చూసిండ్రా.

ఆమె ఆ ఒక్క ప్రశ్నతోటి ఊకోలె. వాళ్ళ బడి పక్కనే సబ్ సెంటర్, అక్కడి ఏఎన్ఎం ఈమెకు దోస్తు, మధ్యాహ్నం అన్నం తినుకుంట ఇద్దరు ఏం మాట్లాడుకుంటరో ఏమో, రోజుకొక కొత్త హార్మోన్ లేనిది ఇంటికి తెస్తది. ఛాయ అని ఒక గోలి ఉన్నదట, లక్నోల మన సర్కారు ల్యాబుల కనిపెట్టిందట, 1991 సంది సహేలి పేరుతోటి దుకాణాలల్ల ఉన్నదట, దాంట్ల హార్మోనే లేదట, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒక్కటేనట, పీహెచ్‌సీల ఉత్తగనే ఇస్తరట. నేను గంభీరంగ "గోలి గోలియే" అన్న. కాపర్ టీ అన్నది, దాని సంగతి తర్వాత చెప్తా. ఇగ ఆఖరికి, కోత కుట్టు లేని మగవాళ్ళ ఆపరేషన్ అన్నది, పావుగంట ఇరవై నిమిషాల పనట, మత్తు కూడా ఉత్త సూదిదేనట, మన కరీంనగర్ ఒకప్పుడు దానికి పేరువడ్డ జిల్లానట. నాకు ఆ నెల ప్రీఫైనల్స్ ఉండె. ఆ తర్వాత నెల ప్రాక్టికల్స్ ఉండె. తర్వాత ఎండలు ముదిరినయ్, ఎండకాలంల కోతలు మానవంటరు, కోత లేదు నిజమే కానీ ఎందుకైనా మంచిది.

దీని మీద లెక్కలు కూడా చూసిన, నేను ఉత్తగ మాట్లాడే మనిషిని కాదు. 2019 నుంచి 21 దాంక చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, దేశంల పెళ్ళైన ఆడవాళ్ళల్ల నూటికి 37.9 మంది పిల్లలు కాకుంట ఆపరేషన్ చేయించుకున్నరు, మన తెలంగాణల 60కి పైననే. మగవాళ్ళ ఆపరేషన్ దేశం మొత్తం మీద 0.3. సున్నా పాయింట్ మూడు. ప్రకృతికి మగవాళ్ళు ఎంత దగ్గరగ బతుకుతున్నరో ఈ ఒక్క అంకె చూస్తే అర్థమైతది. పేపర్ల "కు.ని. ఆపరేషన్" అని రాస్తరు సూడుండ్రి, ఆ కు.ని.ల కుటుంబం అంటే ఎవరో, నియంత్రణ ఎవరికో ఎవ్వరు ఇప్పిచెప్పరు.

ఇగ మన పద్ధతికి వద్దాం, అదే, నెలసరి రోజులు లెక్కవెట్టి గర్భం వచ్చే రోజుల్ల దూరం ఉండుడు. కొందరు ఇదేదో ఇన్‌స్టాల పుట్టిన కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నరు, తప్పు. కాజీపేటల రైలెక్కి బల్లార్షా దాటితే వార్ధా వస్తది, 1935 డిసెంబర్‌ల ఆ వార్ధాకు అమెరికా నుంచి మార్గరెట్ శాంగర్ అనే ఆమె వచ్చి గాంధీజీతోటి కూసున్నది, గర్భనిరోధకాలు ఆడవాళ్ళకు అవసరం అని ఆమె, నిగ్రహం ఉంటే సాలు అని ఈయన. ఇద్దరిట్ల ఎవ్వరు దిగిరాలె, కానీ సేఫ్ పీరియడ్, అంటే గర్భం రాని రోజుల సంగతి వచ్చినప్పుడు మాత్రం గాంధీజీకి అది మిగతావాటంత తప్పుగ తోచలె, ఎందుకంటే దాంట్ల కొన్ని రోజులన్న నిగ్రహం ఉన్నది కద. తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, మొదటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్, ఆమె గాంధీజీ శిష్యురాలు, వేరే సాధనాలకు ఒప్పుకోలె, 1951ల ప్రపంచ ఆరోగ్య సంస్థ అబ్రహాం స్టోన్ అనే డాక్టర్‌ను పంపితే ఢిల్లీ లోధీ కాలనీల, మైసూర్ దిక్కు రామనగరంల ఈ రోజుల లెక్కనే జనానికి నేర్పే ప్రయోగం పెట్టిండ్రు. లెక్క యాదుండాలని ఆడవాళ్ళకు రంగు రంగు పూసల దండలిచ్చిండ్రు, రోజుకొక పూస జరపాలె. తర్వాతి ఏడాది 1952ల, లోకంల ఏ దేశం కంటే ముందు, సర్కారు తరఫున కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలువెట్టింది మనమే. అంటే ఏంది, మనం ఈ పనిని పూసల దండతోటి మొదలువెట్టినం. పూసల దండ పనిచెయ్యలేదని తొందరల్నే తెల్సిపోయింది, అది వేరే ముచ్చట, చరిత్రల మంచినే చూడాలె.

అసలు ఏ రోజుల్ల గర్భం వస్తదో లోకానికే 1920ల దాంక తెల్వదు. అంతకుముందు పెద్ద పెద్ద డాక్టర్లు, నెలసరికి అటూ ఇటూ ఉన్న రోజులే ప్రమాదం, నడిమిట్ల ఏం భయం లేదని చెప్పిండ్రు, పాపం అది విని నిగ్రహం పాటించిన మొగోళ్ళకు ఇంటి నిండ పిల్లలు. జపాన్‌ల ఒగినో, ఆస్ట్రియాల క్నాస్ అని ఇద్దరు డాక్టర్లు విడివిడిగ లెక్కలు కట్టి, వచ్చే నెలసరికి రెండు వారాల ముందు అండం విడుదలైతదని తేల్చిండ్రు. ఇక్కడ ఒక పేచీ ఉన్నది. వచ్చే నెలసరికి ముందు అన్నరు కానీ, పోయిన నెలసరి తర్వాత అనలె. వచ్చే నెలసరి ఎప్పుడొస్తదో వచ్చినంక గానీ తెల్వదు. పద్ధతి మొత్తం ఈ చిన్న విషయం మీదనే నిలవడ్డది.

నేను పుస్తకం తీసిన. సిగ్గువడకుంట చెప్తా, మానవ ప్రత్యుత్పత్తి పాఠాన్ని 13 ఏండ్లల్ల నేను ఒక్కసారి కూడా క్లాసుల పూర్తిగ చెప్పలె, "ఇది ఈజీ చాప్టర్, ఇంట్ల చదువుకోండి" అంట, పిల్లలు తలకాయలు వంచుకుంటరు, నేను బోర్డు తుడుస్తా, ఇద్దరికీ మర్యాద. ఈ ఏడు ఒక బైపీసీ పిల్ల లేచి "సార్, ఎన్‌సీఈఆర్‌టీల నెలసరి మొదలైన 10వ రోజు నుంచి 17వ రోజు దాంక దూరం ఉండాలని ఉన్నది, అందరి నెలసరి సైకిల్ ఒక్కతీరు ఉండదు కద సార్, ఎట్ల?" అని అడిగింది. నేను "నీట్‌ల 10 నుంచి 17 అనే పెట్టాలె, మార్కు వస్తది, కూసో" అన్న. పిల్ల కూసున్నది కానీ నమ్మలె, మొహం చూస్తే తెలుస్తది.

ఆ పిల్లను కూసోబెట్టినంత సులువుగ మా ఇంటామెను కూసోబెట్టుడు కాలె. నేను 10 నుంచి 17, ఎనిమిది రోజులు అన్న. ఆమె తన ఆరు నెలల తేదీలు కాయితం మీద రాసి పెట్టింది, ఒక నెల 26 రోజులకు వచ్చింది, ఒక నెల 34కు. లెక్క ఏందంటే చిన్న సైకిల్ల 18 తీసెయ్యాలె, పెద్దదాంట్ల 11 తీసెయ్యాలె. 26ల 18 పోతే 8, 34ల 11 పోతే 23. "8 నుంచి 23. పదహారు రోజులు" అన్నది, పెన్ను మూత పెట్టుకుంట. పదహారు రోజులు! దాని మీద నెలసరి ఐదు రోజులు, శనివారాలు, ఏకాదశులు, శ్రావణమాసం, కార్తీకమాసం, ఇన్విజిలేషన్ డ్యూటీలు, మా అమ్మకు దగ్గు వచ్చి నిద్రపట్టక హాల్ల లైటేసుకొని కూసునే రాత్రులు. ఇగ మిగిలేదేంది? అయ్యప్ప మాల ఏసుకుంటే 41 రోజులు నియమం, దానికి ఫెయిల్యూర్ రేటే లేదు, ఇంతకంటే అది నయం.

అందుకని ఎనుమాముల మార్కెట్ల మిర్చికి బేరమాడినట్టు బేరం పెట్టిన. నేను ఎనిమిది, ఆమె పదహారు, నడిమిట్ల పన్నెండుకు తెగింది, 8 నుంచి 19. తర్వాత తెల్సింది, ఇదే లెక్కతోటి అమెరికాల జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వాళ్ళు మళ్ళ పూసల దండ చేసిండ్రు, 32 పూసలు, ఒకటి ఎర్రది, 12 తెల్లవి, మిగతావి మట్టిరంగు, మన దేశంల దాని పేరు మాలాచక్ర. నాకు గర్వమనిపించింది, వాళ్ళకు లక్షల డాలర్లు ఖర్చై ఉంటయ్, నేను చిక్కుడుకాయల గిన్నె ముందర అర్ధగంటల తేల్చిన. వాళ్ళ దండ మీద ఒక షరతు ఉన్నది, సైకిల్ 26 నుంచి 32 రోజుల లోపల ఉన్నోళ్ళకే అని. మా ఇంటామెది 34 దాంక పోతదని మీకు యాదికి రావొచ్చు. నాకు మాత్రం రాలె.

అనుమానం తీరాలని థర్మామీటర్ కూడా పెట్టినం. అండం విడుదలైనంక ఒంటి వేడి సెల్సియస్‌ల ఒక 0.2 డిగ్రీలు పెరుగుతది, మూడు రోజులు అట్లనే ఉంటే ఇగ భయం లేదన్నట్టు. అంటే దొంగలు పోయినంక పోలీసులొచ్చినట్టు, అయినా ఏదో ఒక లెక్క. షరతేందంటే కనీసం మూడు గంటలన్న నిద్రపోయి ఉండాలె, లేవంగనే, మంచం దిగకముందే, రోజు ఒకటే టైముకు చూడాలె. మాకు నల్లా పొద్దుగాల 5 గంటలకు రోజు తప్పిచ్చి రోజు వస్తది. నల్లా గురగురమనంగనే మా అమ్మ "నీళ్ళొచ్చినయే" అని కేక, ఈమె నోట్ల థర్మామీటర్ ఉండంగనే లేచి ఉరుకుడు, బకెట్లు, డ్రమ్ములు, మళ్ళ వచ్చి పెట్టుకుంటే 98.6. చార్టుల రోజు తప్పిచ్చి రోజు అండం విడుదలైనట్టు వస్తుంది. మీరు లేచి నీళ్ళు పట్టొచ్చు కదా అని ఎవరన్న అడుగుతరేమో, నాకు పొద్దుగాల ఐదింటికి లేస్తే తలకాయ నొస్తది, బామ్ డబ్బాలున్నయ్ కానీ నాకవి పడవు.

ఇంకొకటి, గర్భసంచి మూతికాడి జిగురు చూసే పద్ధతి, ఆస్ట్రేలియాల బిల్లింగ్స్ అనే డాక్టర్ దంపతులు చెప్పింది. కోడిగుడ్డు తెల్లసొన లెక్క సాగితే ఆ రోజులు జాగ్రత్త అని. మనదిక్కు తెల్లబట్ట అంటేనే రోగమని డాక్టర్ దగ్గరికి ఉరుకుతరు, ఇక్కడ అది చూసి తారీఖు రాసుకోవాలె. నేను శాస్త్రీయంగ, పొద్దున ఆమ్లెట్ తినుకుంట, ఇయ్యాల ఎట్లున్నది రిపోర్టు అని అడిగిన. వారం రోజులు ఇంట్ల ఆమ్లెట్ కాలె.

మా అమ్మ మూడోనాడు థర్మామీటర్ చూసింది. కోడలికి రోజు జ్వరం చూసుకుంటుంది, ఎవరికి చెప్తలేదు అని మనసుల పెట్టుకొని, మిరియాల కషాయం కాచింది, జనగామల ఉన్న మా చిన్నమ్మకు ఫోన్ చేసింది. చిన్నమ్మ బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకొని వచ్చి మూడు రోజులున్నది. రాత్రి కోడలు ఒక్కతి పడుకుంటే ఎట్ల అని మా రూముల ఆమె పక్కనే పడుకున్నది, నేను హాల్ల చాప మీద. ఆ మూడు రోజులు మాత్రం ప్రకృతి పద్ధతి నూటికి నూరు పాళ్ళు పనిచేసింది, నేను ఒప్పుకుంటా.

అమ్మకు ఇసొంటివి చెప్తే అర్థంకాదా అంటే, ఆమె కాలంల ఆమె కూడా ప్రకృతినే నమ్మింది. పాలిచ్చినన్ని రోజులు కడుపు రాదని పెద్దోళ్ళు చెప్పిండ్రట. అది అబద్ధం కూడా కాదు, బిడ్డకు ఆరు నెలలు దాటొద్దు, తల్లిపాలు తప్ప ఇంకేం పెట్టొద్దు, నెలసరి మళ్ళ మొదలు కావొద్దు, ఈ మూడు ఉంటే అది గట్టి పద్ధతే. అమ్మకు మూడు చెప్పలె, ఒక్కటే చెప్పిండ్రు. నాకూ మా తమ్మునికి 14 నెలల తేడా.

ఇగ అసలు కథ, క్యాలెండర్. వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటది, దాంట్లనే గ్యాస్ బుక్ చేసిన తారీఖు, చిట్టీ కట్టే తారీఖు, రాహుకాలం, అన్ని. ఆమె దాంట్లనే ఎర్ర పెన్నుతోటి 12 రోజులకు సున్నాలు చుట్టింది, ఎవరికి అర్థమైతయిలే అని. నెలాఖరుకు పాలాయన పైసలకు వచ్చిండు. అమ్మ కండ్లద్దాలు పెట్టుకొని క్యాలెండర్ ముందర నిలవడ్డది.

"పన్నెండు రోజులు నాగా పెట్టినవ్, 12 రోజుల పైసలు కట్ చేస్తున్న."

"నాగానా? నేనా? పెద్దమ్మా, ఒక్కనాడు ఆగలె, ఐనవోలు మల్లన్న మీద ఒట్టు."

"మల్లన్నను ఎందుకు లాగుతవ్, సున్నాలు కనవడ్తలేవా? వరుసగ పన్నెండు. నా కోడలు చదువుకున్నది, టీచర్, లెక్క తప్పదు."

పాలాయన నా దిక్కు చూసిండు. నేను మా ఇంటామె దిక్కు చూసిన. ఆమె పొయ్యి మీద పాలు పొంగుతున్నయని అటు తిరిగింది, పాలు పొంగలె, స్టవ్వే ముట్టియ్యలె. 18 రోజుల పైసలు తీసుకొని ఆయన గొణుక్కుంట పోయిండు. నేను చెత్తడబ్బా పడేసే వంక మీద సందు మలుపు దాంక ఉరికి మిగతా పైసలు చేతుల పెట్టిన. "గా సున్నాలేంది సారూ?" అన్నడు. "కరెంట్ కోతల లెక్క" అన్న. "వరుసగ పన్నెండు రోజులా?" అన్నడు. ఆయన మూడు బర్రెల లెక్కలు చూసుకుంటడు, ఎప్పుడు కడితే ఎప్పుడు ఈనుతదో తారీఖుతోటి చెప్తడు, ఆయనకు ఎక్కువసేపు పట్టలె. ఏం అనలె, డబ్బా మూత బిగించుకున్నడు. నాలుగు నెలలు ఇదే తీరు నడిచింది, ఇంట్ల అమ్మ కట్ చేసుడు, సందుల నేను కట్టుడు. సర్కారు గోలీలు ఉత్తగ వస్తయ్, ప్రకృతికి మాత్రం నెలకు ఆరు లీటర్ల పాల ఖర్చు.

నాలుగో నెల, సున్నాలు అయిపోయిన తెల్లారి, 20వ తారీఖు కాదు, 20వ రోజు. అర్థం చేసుకోండి. 34 దాటింది. 36. మాకు ఏమనిపియ్యలె. 38 అయ్యేసరికి నేను క్యాలెండర్ ముందర పొద్దుగాల ఒకసారి రాత్రి ఒకసారి నిలవడుతున్న. 40వ రోజు భద్రకాళి గుళ్ళె తొమ్మిది ప్రదక్షిణలు చేసిన, పద్ధతి మీద నమ్మకం లేక కాదు, అమ్మవారి మీద ఎక్కువుండి. కట్ట మీద ఎరువుల దుకాణమాయన "ఏం సార్ డల్లుగున్నరు" అంటే ఆయన మొహం చూడబుద్ధి కాలె. వీర్యకణం లోపల ఐదు రోజుల దాంక బతుకుతది, అండం ఒక్కరోజే, ఈ రెండు లైన్లు నేనే బోర్డు మీద రాసేటోన్ని, అంటే రాయాల్సినోన్ని. మా ఇంటామె మాత్రం రోజు లెక్కనే డబ్బా కట్టుకొని బస్సెక్కుతుంది, మధ్యల ఒక్కసారి మాత్రం ఫ్రిజ్ తలుపు తీసి, ఏం తియ్యకుంట కొంతసేపు దాని లోపలికి చూసుకుంట నిలవడ్డది.

43వ రోజు నేను మెడికల్ షాపుకు పోయిన. నలుగురున్నరు. "ఏం కావాల్రా" అన్నడు. ప్రెగ్నెన్సీ కిట్ అని చెప్పిన, గట్టిగనే చెప్పిన. లోకం తలకిందులు కాలె, వాడు కాయితంల చుట్టి ఇచ్చిండు, పక్కనున్నాయన దగ్గు మందు అడిగిండు. పన్నెండు రోజుల నిగ్రహం కంటే ఈ రెండు నిమిషాలు సులువుగున్నయ్, ఈ సంగతి ముందుగాల నాకెవ్వరు చెప్పలె.

ఆమె బాత్రూంల, నేను బయట. లోపల బకెట్‌ల నల్లా పడుతున్న సప్పుడు, తర్వాత అది కూడా ఆగింది. ఐదు నిమిషాలు అని డబ్బా మీద రాసి ఉన్నది. మా బాబు వచ్చి నా వేలు పట్టుకొని "నాయినా, ఏంజేస్తున్నవ్" అంటే, నిలవడ్డ బిడ్డా అన్న. తలుపు తీసి, "ఒక్కటే గీత" అని, నా పక్క నుంచి పోయి బియ్యం కడిగింది.

జర్మనీల 900 మంది ఆడవాళ్ళ మీద చేసి 2007ల అచ్చేసిన స్టడీ ఒకటుంది, వేడి, జిగురు రెండూ చూసుకుంట, తప్పకుంట పాటిస్తే ఏడాదికి నూటికి ఒక్కరి కంటే తక్కువ మందికే గర్భం వచ్చింది. మామూలుగ జనం పాటించే తీరుల అయితే, ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి రెండు నుంచి 23 మంది దాంక అని లెక్కలున్నయ్. గోలీలు జనం వాడే తీరుల ఏడుగురు. అంటే పద్ధతిల తప్పు లేదు. ఆ జర్మనీ వాళ్ళకు నల్లా 24 గంటలొస్తది, చిన్నమ్మలు బత్తాయిలు పట్టుకొని రారు, బహుశా మొగోళ్ళు పన్నెండుకు బేరమాడరు. ఈ రెండో సగం నేను కట్ట మీద చెప్తే ఎవ్వరు వినలె, మూడో ఆయన రామప్ప టూర్ ముచ్చట తీసిండు.

ఆ తర్వాత నెల, ఒక శనివారం, మా ఇంటామె బడి అయినంక ఇంటికి ఆలస్యంగ వచ్చింది. ఏఎన్ఎంను తోలుకొని సర్కారు దవాఖానకు పోయి కాపర్ టీ ఏయించుకొని వచ్చింది. పదేండ్లు పనిచేస్తదట, పైస ఖర్చు లేదు, రెండు మూడు నెలలు బ్లీడింగ్ జర ఎక్కువ, కడుపునొప్పి ఉంటదని ముందే చెప్పి పంపిండ్రట. నాకు చెప్పకుంట! ప్రకృతి ఏమైతది? నేను కుర్చీల కూసోని చానా సేపు బాధపడ్డ, తర్వాత లేచి, "ఒంట్ల లోహం పెట్టుకునుడు మంచిదేనా?" అని మర్యాదగనే అడిగిన.

ఆమె వేడినీళ్ళ బ్యాగు కడుపు మీద పెట్టుకొని పడుకున్నది. "రాగి. పొద్దుగాల లేవంగనే నువ్వు తాగే చెంబు ఏంది?" అన్నది.

ఈ విషయం మీద ఇంకా లోతైన పరిశోధన జరగాలె. ఆ రాత్రి మాత్రం గిన్నెలు నేనే తోమిన, మరుసటి రోజు నల్లా నేనే పట్టిన, పొద్దుగాల ఐదింటికి లేస్తే తలకాయ నొస్తదన్నది నిజం కాదని తేలింది.

మొన్న నెలాఖరుకు పాలాయన వచ్చిండు. అమ్మ కండ్లద్దాలు పెట్టుకొని క్యాలెండర్ చూసింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక్క సున్నా లేదు.

"చూసినవా, నెలంత ఒక్క నాగా లేకుంట పోసిండు. నాలుగు నెలలు కట్ చేసేసరికి తొవ్వకొచ్చిండు" అన్నది నాతోటి, ఆయన ముందరనే. ముప్ఫై రోజుల పైసలు ఇచ్చి, కూసోబెట్టి చాయ కూడా పోసింది.

ఆయన చాయ ఊదుకుంట ఒకసారి క్యాలెండర్ దిక్కు, ఒకసారి నా దిక్కు చూసిండు. నేను పేపర్ తిప్పిన.